రోసమ్మకు కనపడని సింహం

చిలకలగూడ మిషను ఆడపిల్లల బడికి గంట లేదు. గంట బదులు వరండా దూలానికి జానెడు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుండేది. దాన్ని ఇనుప కడ్డీతో కొట్టే పని ఐదో తరగతి పంతులమ్మ రోసమ్మది. బంట్రోతు బెజవాడ వెళ్ళిపోయాక ఆ పని ఆవిడే అడిగి మరీ తీసుకుంది. పొద్దున తొమ్మిదికి ఎలా కొట్టినా, సాయంత్రం నాలుగుకి మాత్రం కొంగు బిగించి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని నాలుగు దెబ్బలు కొట్టేది. ఆ నాలుగు దెబ్బలకి బడి వదిలేవారు. ఆ నాలుగు దెబ్బలకే సోమయ్య జట్కా ఆఫ్రికా నుంచి తిరిగొచ్చేది.

సోమయ్య గుర్రం ఒకప్పుడు పటాలం గుర్రం. యుద్ధంలో ఓడెక్కి ఆఫ్రికా వెళ్ళి, అక్కడ రెండేళ్ళు సామాను మోసి తిరిగొచ్చింది. వయసు మళ్ళిందని కంటోన్మెంటు వాళ్ళు వేలం వేస్తే సోమయ్య కొనుక్కున్నాడు. గిట్ట మీద కాల్చి వేసిన అంకె చెరగకుండా ఉండటంతో, పేరు పెట్టే శ్రమ ఎందుకని "డెబ్బైమూడూ" అనే పిలిచేవాడు. జట్కా గుర్రాల సంగతి తెలిసిందేగా, కళ్ళెం వదిలేస్తే అలవాటైన దారినే పోతాయి. డెబ్బైమూడుకి అలవాటైన దారులు రెండు. ఒకటి రోజూ పిల్లల్ని ఎక్కించుకునే బడి గేటు. రెండోది ఆఫ్రికా. కాప్రా చెరువు కట్ట దాటాక సోమయ్య కళ్ళెం వదిలేస్తే అది ఒకసారి తుమ్మి, తలాడించి, తనకు తెలిసిన దారిన పోయేది. కాసేపటికి మొరం బాట కాస్తా నడుమెత్తు పచ్చగడ్డి అయ్యేది, తాటిచెట్లు పోయి గొడుగుల్లాంటి తుమ్మచెట్లు వచ్చేవి. నాలుగు కొట్టిన చప్పుడు చెవిన పడగానే గుర్రం వెనక్కి తిరిగి అరగంటలో బడి గేటు ముందు నిలబడేది.

ఇందులో చిలకలగూడ వాళ్ళు వింతపడిందేమీ లేదు. అల్వాల్‌లో చుట్టాలింటికి వెళ్ళొచ్చినట్టు వెళ్ళొచ్చేవారు. జట్కాకి ముగ్గురు, మనిషికి దోసెడు ఉలవలు, టిఫిను ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి, అంతే షరతు. పక్కింటి విమలమ్మ మొదటిసారి వెళ్ళిన రోజే ఏనుగుల మంద ఎదురైంది. ఆవిడ జట్కా దిగి చెంపలేసుకుని, తెచ్చుకున్న అరటిపళ్ళు గడ్డిలో పెట్టి వచ్చింది.

"అన్ని గణపతులు ఒక్కదిక్కున! పండ్లు ఎవలికియ్యాల్నో సమజ్ గాలె పంతులమ్మా," అని నెల్లాళ్ళు చెప్పుకుంది.

అందరికీ ఏదో ఒకటి కనపడింది. రోసమ్మకే ఏమీ కనపడలేదు.

ఆరుసార్లు వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా తన బదులు నాలుగు గంటలు కొట్టమని భర్త యెషయాకి అప్పజెప్పి, రైల్వే పార్సిలాఫీసు నుంచి ఆయన్ని సెలవు పెట్టించి మరీ వెళ్ళింది. ఆరుసార్లూ గడ్డి చూసింది, పుట్టలు చూసింది, దూరంగా తిరిగే రాబందుని చూసింది. ఒకసారి వేడి తగ్గని పేడ చూసింది. "ఇప్పుడే పోయినట్టుంది," అని పక్కనున్న వాళ్ళు జాలిపడ్డారు. రోసమ్మకి ఆ జాలి పేడకంటే కంపుగా తోచింది.

పోనీ, అందరికీ కనపడి తనకు కనపడకపోయినా సర్దుకునేది. మార్తకి కనపడటమే సర్దుకోలేకపోయింది.

మార్త రోసమ్మ తోడికోడలు. మరిది సామ్యూల్ భార్య. ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో ఒక తడిక. గుంటూరు వెళ్ళి, పిల్లని చూసి, "మా సామ్యూల్‌కి ఈ పిల్లే కావాలి," అని పట్టుబట్టి తెచ్చింది రోసమ్మే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని ఆవిడకి మూడేళ్ళుగా తెలిసొస్తోంది. మార్త వచ్చిన ఏడాదికే గుడిలో హార్మోనియం మార్త చేతికి పోయింది. రెండో ఏడాది క్రిస్మసు నాటకం పోయింది. మార్త వండిన చేపల పులుసు ఇంకా కావాలని యెషయా గిన్నె చాచిన రోజున రోసమ్మ పస్తు పడుకుంది. మార్త చెడ్డదైతే ఎంతో బాగుండేది. అది "అక్కా, అక్కా" అంటూ వెనకాలే తిరిగేది.

అలాంటి మార్తకి ఆఫ్రికా వెళ్ళిన మొదటి రోజే సింహం కనపడింది. కనపడటమేమిటి, జట్కాకి పది గజాల్లో కూర్చుని ఆవలించిందట. రెండోసారి జింకని చెట్టెక్కించి తింటున్న చిరుత. మూడోసారి రెండు ఖడ్గమృగాలు, పోట్లాడుకుంటూ. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూడికలో సాక్ష్యాలు చెప్పే వేళ, మార్త లేచి, "ప్రభువుకు స్తోత్రం. ఆయన చేతిపనిని ఈ వారం మళ్ళీ చూశాను," అని మొదలెడితే ఆడవాళ్ళంతా విసనకర్రలు ఆపేవారు. ఒకప్పుడు ఆ విసనకర్రలు రోసమ్మ సాక్ష్యానికి ఆగేవి.

"నువ్వేం చూశావమ్మా రోసమ్మా?" అని పాస్టరుగారి భార్య పుష్పమ్మగారు ప్రేమగానే అడిగేవారు.

"గడ్డి చూశానండి," అనేది రోసమ్మ.

అందరూ నవ్వేవారు. మార్త నవ్వేది కాదు. అదింకా మండేది.

ఇదంతా నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలం మాట. ఊరు ఊరులా లేదు. ఉప్పు దొరికితే కిరసనాయిలు లేదు, కిరసనాయిలు దొరికితే ఉప్పు లేదు. రేపో మాపో ఇండియా సైన్యం వస్తుందని ఒకరు, రాదని ఒకరు. స్టేషనులో బెజవాడ బండికి మనుషులు కిటికీల్లోంచి ఎక్కుతున్నారు. ఆగస్టు పదిహేనున రైల్వే నీళ్ళ టాంకు మీద ఎవరో సర్కారు వద్దన్న మూడు రంగుల జెండా కట్టారు. అది టెలిగ్రాఫు ఆఫీసు సామ్యూలేనని గుసగుస మొదలైంది. సామ్యూల్‌ని అడిగితే, "నాకు నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరుగుతాయి వదినా," అని నవ్వేవాడు.

సెప్టెంబరు పదకొండు, శనివారం రోసమ్మ ఏడోసారి వెళ్ళింది. ఊరి భయానికి ఆ రోజు ఇంకెవరూ జట్కా ఎక్కలేదు. బడికి పిల్లలు రావటం మానేసి వారమైంది. గడ్డిలోకి రాగానే సోమయ్య ఎప్పటిలాగే తలగుడ్డ మొహమ్మీద కప్పుకుని పడుకున్నాడు.

"నువ్వు చూడవా సోమయ్యా?"

"దినాం గీ డెబ్బైమూడు మొకం సూస్తనే ఉన్న గద పంతులమ్మా. ఇంక జానవర్లను సూసుడేంది?"

నాలుగు దాకా చూసింది. గడ్డి. ఒక వాగు, వాగు ఒడ్డున కొమ్మ విరిగిన తుమ్మచెట్టు, చెట్టు కింద నీడ. నీడలో ఏమీ లేదు.

మర్నాడు కూడికలో పుష్పమ్మగారు ఎప్పటిలాగే అడిగారు. రోసమ్మ లేచి నిలబడింది. ఎదురుగా హార్మోనియం ముందు మార్త కూర్చుని ఉంది, మెడలో కొత్త ముత్యాల దండ. ఏం చెప్పబోతోందో రోసమ్మకి తెలియదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఆడసింహాన్ని చూశానండి. వాగొడ్డున కొమ్మ విరిగిన తుమ్మచెట్టు కింద. దానికి మూడు పిల్లలు. ఒకదానికి చెవి చిరిగి ఉంది."

విసనకర్రలు ఆగాయి. రోసమ్మకి ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదో ఆజ్ఞని సండేస్కూలు పిల్లలచేత వల్లె వేయించే మనిషి, దేవుని సన్నిధిలో నిలబడి, అబద్ధసాక్ష్యం పలికింది. పలికి, చిరిగిన చెవి ఏ వైపుదో కూడా చెప్పింది.

"పిల్లలా! మూడా!" అంది మార్త. మూడేళ్ళలో మొదటిసారి దాని గొంతులో అసూయ వినపడింది. రోసమ్మకి ఆ ఆదివారం అన్నం ఎంత తిన్నా సరిపోలేదు.

మార్త ఇంక ఆగలేదు. సోమవారం పదకొండింటికల్లా టిఫిను కట్టి, రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్న సామ్యూల్‌ని లేపి జట్కా ఎక్కించింది.

"అక్కా, ఆ చెట్టు వాగుకి ఇవతలా, అవతలా?"

"అవతల," అంది రోసమ్మ. "నాలుగింటికి కొడతాలే, తాపీగా చూసి రండి."

మధ్యాహ్నానికి కబురు వచ్చింది. విమలమ్మ భర్త సదాశివ ఇంట్లో రేడియో ఉంది. తెల్లవారుజామునే సైన్యం సరిహద్దు దాటిందట. వీధి తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పైన విమానం పోయిన చప్పుడైంది. రోసమ్మ మాత్రం నాలుగవుతుండగా బడికి వెళ్ళి కడ్డీ పట్టుకుని నిలబడింది. గోడగడియారం నాలుగు చూపించింది.

కొట్టలేదు.

చేయి ఎత్తింది, దించింది. అక్కడ మార్త ఆ చెట్టు కింద ఖాళీ నీడని చూస్తూ కూర్చుని ఉంటుంది. జన్మలో మొదటిసారి ఏమీ కనపడక కూర్చుని ఉంటుంది. ఆ తలపు రోసమ్మకి ఎండలో మజ్జిగలా ఉంది. ఇంకాసేపు చూడనీ, అనుకుంది. ఏడుసార్లు నేను చూసిన గడ్డి, తనూ కాస్త చూడనీ.

నాలుగుంపావు. నాలుగున్నర. ఇంక చాల్లే అని కడ్డీ ఎత్తేసరికి వీధిలో జీపు ఆగింది. ఐదుగురు దిగారు. ఎవరి మనుషులో వాళ్ళు చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బడి గేటు మీదుగానే నడిచి అదే వీధిలోని రోసమ్మ ఇంటి తలుపు తన్నారు. "సామ్యూల్ ఏడీ? టాంకెక్కినోడు ఏడీ?" అంటూ తడిక చీల్చి, మార్త పెట్టె తిరగేసి, గోడమీది పెళ్ళి ఫొటో తీసుకుపోయారు. పోతూ పోతూ తమలో ఇద్దర్ని వీధి చివర కల్వర్టు మీద కాపలా కూర్చోబెట్టి పోయారు.

రోసమ్మ కడ్డీని నేలమీద చప్పుడు కాకుండా పెట్టింది. నాలుగింటికి కొట్టి ఉంటే నాలుగున్నరకి జట్కా సరిగ్గా వాళ్ళ ముందుకు వచ్చి నిలబడేది.

ఆ రాత్రి యెషయాతో, "కొట్టకపోతే వాళ్ళు రాలేరు. కొడితే వీళ్ళ చేతిలో పడతారు. ఏం చెయ్యను?" అంది.

"కొట్టొద్దు," అన్నాడు యెషయా. "మనుషుల చేతిలో పడటంకంటే అక్కడే నయం."

మంగళవారం నాలుగైంది, కొట్టలేదు. బుధవారం కొట్టలేదు. కల్వర్టు మీద మనుషులు మారుతున్నారుగాని కల్వర్టు ఖాళీ కాలేదు. నాలుగు దాటి అక్కడ ఉండిపోయిన వాళ్ళు ఇదివరకు ఎవరూ లేరు. ఒక పూట టిఫినుతో వెళ్ళారు. చీకటి పడితే సింహాలు వస్తాయి కదా, మార్తకి చీకటంటే భయం కదా, అని రోసమ్మ తడిక ఊడిన వాకిట్లో కూర్చుని ఏడ్చింది. లేని సింహం కోసం పంపించాను ప్రభువా, ఉన్న సింహాలు దాన్ని తినెయ్యకుండా చూడు, అని ప్రార్థించింది. తనకోసం తను ఎప్పుడూ అంత గట్టిగా ప్రార్థించలేదు. చెదిరిపోయిన పెట్టెలోంచి మార్త చీరలు ఏరి మడతలు పెట్టింది. వాటిలో ఒకటి, చిలకపచ్చ జరీది, తనకంటే మార్తకే బాగుంటుందని కుళ్ళుకున్న చీర. దాన్ని అన్నిటికంటే పైన పెట్టింది.

శుక్రవారం రాత్రి సదాశివ గోడమీంచి కేకేశాడు, "పంతులమ్మా, అయిపాయె! లడాయి బందైంది!" శనివారం పొద్దున కంటోన్మెంటు వైపు నుంచి ఇండియా సైన్యం లారీలు వచ్చాయి. కల్వర్టు మీది వాళ్ళు ఎటు పోయారో పోయారు. రోసమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బడికి పరిగెత్తింది. పొద్దున పదింటికి, నాలుగు కొట్టింది. పట్టా ముక్క ఊగి గోడకి తగిలి ఐదోది అదే మోగింది.

అరగంటకి డెబ్బైమూడు గేటు ముందు నిలబడింది.

సామ్యూల్ దిగి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఏంటోగాని వదినా, ఇవాళ పొద్దు ఎంతకీ వాలలేదు. నడినెత్తి నుంచి కాస్త పక్కకి జరిగి అక్కడే నిలబడిపోయింది." మార్త చేతిలో టిఫిను గిన్నె ఉంది. రోసమ్మ మూత తీసి చూసింది. పెరుగన్నం, సగం మిగిలింది. పులవలేదు. గంట కొట్టేదాకా అక్కడ నాలుగు కాలేదన్నమాట. రోసమ్మ మార్తని పట్టుకుని, భుజాలు తడిమి, జుట్టు తడిమి, అక్కడే గేటు దగ్గరే బావురుమంది.

"ఎందుకక్కా ఏడుస్తున్నారు? మీరు చెప్పిన చోటే ఉంది!" అంది మార్త, మొహం వెలిగిపోతూ. "కొమ్మ విరిగిన చెట్టు కిందే. ఆడసింహం, మూడు పిల్లలు. ఒకదానికి చెవి చిరిగే ఉంది. ఎడమ చెవి!"

రోసమ్మ ఏడుపు టక్కున ఆగింది. ప్రాణాలతో వచ్చిందన్న సంతోషం ఎక్కడికీ పోలేదు, గుండెలో అలాగే ఉంది. దాని పక్కనే, పాత చోటునే, కడుపులో భగ్గుమంది. తను కల్పించిన సింహం కూడా దీనికే కనపడాలా!

సంగతంతా తెలిశాక సామ్యూల్ వదిన చేతులు కళ్ళకద్దుకున్నాడు. జెండా కట్టింది తనేనని అప్పుడు ఒప్పుకున్నాడు. "వదిన గంట ఆపకపోతే నేను లేను," అని కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. వీధంతా రోసమ్మ తెలివి చెప్పుకుంది. కొందరైతే, మీకు ముందే దర్శనం ఏదైనా వచ్చిందా అని అడిగారు.

మర్నాడు కూడికలో రోసమ్మ సాక్ష్యం కోసం కుర్చీలు చాలక చాపలు వేశారు. ఆవిడ లేచింది. విసనకర్రలన్నీ ఆగే ఉన్నాయి. ఇన్నేళ్ళలో అంత నిశ్శబ్దం మార్తకి కూడా దక్కలేదు. దాన్ని కాసేపు అలాగే ఉంచుకోవాలనిపించింది. ఉంచుకోలేకపోయింది.

"నేను సింహాన్ని చూడలేదు," అంది. "పోయిన ఆదివారం ఇక్కడ నిలబడి అబద్ధం చెప్పాను. మంగళవారం నుంచి గంట ఆపింది వాళ్ళని కాపాడాలనే. కానీ సోమవారం నాలుగు నుంచి నాలుగున్నర దాకా ఆపింది కుళ్ళుతో. మార్తకి ఏమీ కనపడకుండా ఇంకాసేపు కూర్చోవాలని. ఆ అరగంట నాది. దేవుడు దాన్ని మంచికి వాడుకున్నాడు, అది ఆయన గొప్ప. నా గొప్ప కాదు."

పుష్పమ్మగారు పాటల పుస్తకం తిరగేశారుగాని ఏ పాటో చెప్పలేకపోయారు. మార్త హార్మోనియం మీంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఇద్దరూ మాట్లాడుకోలేదు. వారమంతా మాట్లాడుకోలేదు. తడిక లేని ఇంట్లో మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

శనివారం పదకొండింటికి మార్త వచ్చి రోసమ్మ చేతికి టిఫిను గిన్నె ఇచ్చింది. బయట జట్కా ఉంది.

"వెళ్ళండి. ఇవాళ గంట నేను కొడతాను."

"నాలుగింటికి..."

"నాలుగింటికి కాదు. మీకు సింహం కనపడ్డాక. అప్పటిదాకా కొట్టను."

"నాకు కనపడినట్టు నీకెలా తెలుస్తుందే?"

మార్త మూతి బిగించుకుంది. నవ్వు ఆపుకుంటోందో కోపం ఆపుకుంటోందో తెలియలేదు. "తెలియకేం? మీకు కనపడగానే నా కడుపు మండుతుంది. అప్పుడు కొడతా."

రోసమ్మ ఒక్కతే వెళ్ళింది. సోమయ్య తలగుడ్డ కప్పుకున్నాడు. కొమ్మ విరిగిన తుమ్మచెట్టు కింద నీడ ఖాళీగా ఉంది. పొద్దు నడినెత్తి నుంచి కాస్త పక్కకి జరిగి నిలబడిపోయింది. రోసమ్మ పెరుగన్నం సగం తింది. గడ్డి చూసింది. ఎంతసేపైందో, ఎన్ని రోజులైందో తెలియదు. అప్పుడొక భయం పట్టుకుంది. ఈ మార్త గంట ఆపింది ప్రేమతోనా, కసితోనా? తన చేతిలో కడ్డీ ఉన్నప్పుడు తనేం చేసిందో తెలిసిన మనిషికి ఆ భయం రాకుండా ఎలా ఉంటుంది? అక్కడ వీధిలో సంవత్సరాలు గడిచిపోతున్నాయేమో.

"సోమయ్యా, మార్త కొడుతుందంటావా?"

"నాకేమెర్క? మీ తోడికోండ్ల ముచ్చట," అని సోమయ్య అటు తిరిగి పడుకున్నాడు.

రోసమ్మ మళ్ళీ చెట్టువైపు చూసింది. నీడ ఖాళీగా లేదు.

ఆడసింహం పక్కకి ఒరిగి పడుకుని ఉంది, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు. తోకతో ఈగలు తోలుకుంటోంది. పిల్లలు దాని పొట్టమీద పడి దొర్లుతున్నాయి. ఒకదానికి ఎడమ చెవి చిరిగి ఉంది. రోసమ్మ లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. తల్లి వెనక నుంచి ఇంకోటి, అన్నిటికంటే చిన్నది, తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి ఎండలో కూర్చుంది.

నాలుగు. మార్త చూసింది మూడే.

రోసమ్మ సంతోషంతో జట్కాలో లేచి నిలబడింది. దేవుడికి స్తోత్రం చెప్పడం కూడా మరిచి, వెళ్ళి ముందు మార్తకే చెప్పాలి అనుకుంది. ఆ అనుకోవడం పూర్తి కాకముందే, గడ్డి మీదుగా, చిలకలగూడ బడి పట్టా ముక్క, ఎప్పుడూ లేనంత గట్టిగా, నాలుగు కొట్టింది.